అచ్చొచ్చిన సంచి

నేను ఒక గోనె సంచిని. ముఖం చిట్లించకండి. ఇప్పుడంటే ఒంటిమీద రెండు మాసికలు, చిరిగిన ఒక చెవి, దగ్గరికొస్తే తుమ్ము తెప్పించే కారం ఘాటు. కానీ ఒకప్పుడు నేనూ బంగారు రంగులో నిగనిగలాడినదాన్నే. పైగా ఈ ఊరు మొత్తంమీద పాస్‌పోర్టు లేకుండా మూడుసార్లు దేశం సరిహద్దు దాటినది నేనొక్కదాన్నే. ఇంత గొప్పదాన్ని కదా, ఒక్కరైనా కూర్చోబెట్టి అడిగారా? లేదు. అందరూ నామీద కూర్చున్నవాళ్లే. మీరు దొరికారు కాబట్టి మీకు చెప్పక వదలను.

నేను పుట్టింది బంగ్లాదేశ్‌లో, ఖుల్నా వైపు, ఒక నదిపాయ పక్కన. మొదట జనపనార మొక్కని. కోసి, కట్టలు కట్టి, ఇరవై రోజులు నీళ్లలో నానేశారు. తరువాత మనుషులు నడుంలోతు నీళ్లలో నిలబడి నా నార ఒలిచారు. ఆ రోజుల్లో నా వాసన ఎలా ఉండేదో మర్యాదస్థులైన పాఠకులకు చెప్పకూడదు. ఆ పైన ఎండబెట్టారు, మిల్లుకు తోలారు, వడికారు, నేశారు, పక్కలు కుట్టారు, మధ్యలో ఒక నీలిచార వేశారు. ఆ చార చూసుకుని నేను కొన్నాళ్లు బాగానే మిడిసిపడ్డాను.

నాలాంటివాళ్లను అయిదువందలమందిని ఒక బేలుగా బిగించి సరిహద్దుకు పంపారు. ఇవతలి దేశంలో కూడా జనపనార పండుతుంది. రెండు దేశాల మొక్కలూ తాగేది ఆ నదుల నీళ్లే. అయినా మమ్మల్ని విదేశీ సరుకు అన్నారు. నాకు లోపల సంతోషంగానే ఉంది. విదేశీ అంటే ఇక్కడివాళ్లు కాస్త చెయ్యి తగిలించి చూస్తారు. మమ్మల్నయితే పదకొండు రోజులపాటు చూశారు.

అలా చూసి చూసి వదిలాక గుంటూరు చేరాను. మొదటి యజమాని పప్పుల మిల్లు ఆయన. నాలో మినుములు పోయించాడు. ఆయన ప్రతి బస్తానూ తన చేత్తో చరిచి, "ఊఁ" అని ఒక మూలుగు మూలిగి, అప్పుడు లారీ ఎక్కించేవాడు. ఆ చరుపు దేనికో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తరువాత ఒక కిరాణా కొట్టులో నా మూతి చుట్టలు చుట్టి, ఉల్లిపాయలు పోసి గుమ్మం ముందు నిలబెట్టారు. ఉల్లిపాయలు కొనేవాళ్లు ఒక్కరు కూడా పైన ఉన్నవి తీసుకోరు. అడుగున ఉన్నవి మంచివని అందరి నమ్మకం. వాళ్ల మోచేతులు తగిలి తగిలి నా పొట్ట పక్క చిరిగింది. అప్పుడు పాత సంచుల వాడికి అమ్మేశారు. అతని దగ్గర నన్ను కొన్నది అంకమ్మ.

అంకమ్మ కౌలు రైతు. ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెటూళ్లో మూడెకరాల మిర్చి చేను కౌలుకు చేస్తుంది. యాభై దాటాయి. ముప్పై ఏళ్లుగా కాయ కోసిన చేతులు. నా చిరుగులకు మాసికలు వేసి, కల్లంలో కాయ ఎండబోసినప్పుడు కింద పరుచుకుని కూర్చునేది. నేను వచ్చిన ఏడు కల్లంలో కాయమీద వాన పడలేదు. ఆ మరుసటేడు కూడా పడలేదు. వానకూ నాకూ ఏ సంబంధమూ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఎవరు వింటారు? "ఇది అచ్చొచ్చిన సంచి" అని అంకమ్మ ఊరంతా చెప్పింది. ఆనాటినుంచి నామీద ఎవరినీ కాలు పెట్టనిచ్చేది కాదు. తను మాత్రం కూర్చునేది.

ఇలా హాయిగా ఉండగా ఊళ్లోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన అధికారి మహిళా రైతులను కూర్చోబెట్టి, రెండు పొరుగుదేశాల మధ్య సహకారం, వాణిజ్యం ఎంతగా పెరిగిపోతున్నాయో గంటన్నర చెప్పాడు. రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ ఉన్న కాగితాలు పంచాడు. ఆయన చెప్పినదాంట్లో అంకమ్మకు అర్థమైనది ఒక్కటే. బంగ్లాదేశ్‌లో మన కాయ అంటే పడిచస్తారు, రైతులే గుంపుగా కలిస్తే నేరుగా పంపుకోవచ్చు.

ఆమె తనలాంటి కౌలు రైతులు ఎనిమిదిమందిని పోగుచేసింది. వాళ్లు భయపడ్డారు. మధ్యవర్తి ముంచినా తెలిసినవాడు, తెలియని దేశంవాళ్లు ముంచితే ఎవరినని అడుగుతాం అన్నారు. అంకమ్మ నామీదనుంచి లేచి నిలబడి, "మన కాయ మనమే పంపుదాం. తేడా వస్తే మీ ఎనిమిదిమందీ నా మొహాన ఉమ్మెయ్యండి" అంది. పంట పాడైతే తొమ్మిదిమందికీ వచ్చే ఏడు కౌలుకు పొలం ఇచ్చేవాళ్లుండరు. అది తెలిసి కూడా వాళ్లు సరే అన్నారు. ఆమె మాటమీద అంత గురి. అంత గురి మోయడం మామూలు బరువు కాదు. నేను బరువులు మోసేదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఖుల్నాలో చిన్న కారం మిల్లు నడుపుకునే రొకేయా బేగం అనే ఆవిడ సరుకు తీసుకుంటానంది. తొమ్మిదిమంది కాయా కలిపితే మూడువందల టిక్కీలు తేలింది. మిర్చి నింపిన బస్తాను గుంటూరులో టిక్కీ అంటారు. అన్నీ కొత్త సంచులే తెచ్చారు. కానీ మొదటి టిక్కీ మాత్రం నాలోనే నింపాలని అంకమ్మ పట్టుబట్టింది. అచ్చొచ్చినదాన్ని కదా!

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. కొత్తగా బేరం కలిసిన ఇంటికి మొదటి బస్తా అమ్మరు. ఊరికే ఇస్తారు. అందులో దిష్టి తగలకుండా పసుపు రాసిన నిమ్మకాయ ఒకటి పెడతారు. అంకమ్మ పచ్చి నిమ్మకాయకు పసుపు రాసి, కళ్లకద్దుకుని, నా నడుమ దాకా దోపి, మూతి కుట్టేసింది. తొమ్మిదిమందీ చూశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వస్తే విడ్డూరం.

లారీ సైదులుది. ఈ దారిలో పదేళ్ల అనుభవం. తానూ వస్తానని అంకమ్మ కేబిన్ ఎక్కుతుంటే అతను తల పట్టుకున్నాడు.

"అక్కా, నాలుగు రోజులు కూర్చోలేవు. నడుం పట్టేసుద్ది."

"ముప్పై ఏళ్లు వంగి కాయ కోసిన నడుంరా అది. నీ లారీకి లొంగుద్దా? పోనియ్."

లొంగలేదు. నాలుగు రోజుల తరువాత సరిహద్దు ఊళ్లో దిగి ఒళ్లు విరుచుకున్నది సైదులు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడి రెండువైపుల వాళ్లూ నాకు కావలసినవాళ్లే.

అక్కడ లారీలు కదలడం లేదు. మేం ముందువరసలో ఆగితే, చూస్తుండగానే మా వెనక మూడు మైళ్ల పొడవున నిలిచిపోయాయి. ఏమిటా అంటే, రెండు దేశాల మధ్య వాణిజ్యం వేగం పుంజుకున్నందుకు సభ జరుగుతోందట. పెద్దలు వస్తున్నారట. వాళ్లకు రోడ్డు శుభ్రంగా కనిపించాలని మూడు రోజులపాటు లారీలన్నీ ఆపేశారు. గేటుకు అవతల పెద్ద షామియానా వేశారు. దానిమీద కరచాలనం బొమ్మ, ఒక్కొక్క వేలూ మనిషంత. సభ మూడోరోజు మధ్యాహ్నం. ఆ ఉదయం ఎవరికో గుర్తొచ్చింది, వాణిజ్యం గురించి సభ పెట్టినప్పుడు ఒకటి రెండు లారీలైనా కదులుతూ కనిపించాలి కదా అని. పది లారీలను వదిలారు. మాది ఏడోది.

సైదులుకు అవతలి ఆవరణదాకా వెళ్లే పాసు ఉంది. అంకమ్మకు లేదు. ఆమె గేటు ఇవతల, నేలమీద గీసిన పసుపు గీత దగ్గర ఆగిపోయింది. నేను మాత్రం దర్జాగా లారీమీద పుట్టినింటికి వెళ్లాను. గాలి, మట్టి, మాట అన్నీ నేను ఎరిగినవే. అవతలివాళ్లు మాట్లాడినవన్నీ వాళ్ల భాషలోనే మాట్లాడారు, నేను మీకోసం తెలుగులో చెబుతున్నాను. రెండు భాషలూ వచ్చినది ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే, నన్నెవరూ పిలవలేదనుకోండి.

మూడు రోజులు పని ఆగిపోవడంతో షెడ్లన్నీ సరుకుతో నిండిపోయి ఉన్నాయి. మా టిక్కీలను ఆరుబయటే దించారు. ఆకాశం వాయవ్యం మూల కాస్త నల్లబడుతోంది. చైత్రమాసంలో ఆ ప్రాంతంలో సాయంత్రాలు పెద్ద గాలివాన లేస్తుంది. ఎండుకాయ ఒకసారి తడిస్తే బూజు పడుతుంది, ఇక ఎవరికీ పనికిరాదు.

మొక్కల తనిఖీ అధికారి వచ్చాడు. పేరు అబుల్ హాషిం. సన్నటి మనిషి, కళ్లజోడుకు దారం, చంకలో గొడుగు. రెండువందల తొంభైతొమ్మిది కొత్త సంచుల మధ్య ఒక ముసలి సంచి ఎందుకుందా అని నన్నే వేలు పెట్టి చూపించాడు. నా కుట్టు విప్పారు. ఆయన చెయ్యి లోపలికి వెళ్లింది, నిమ్మకాయతో బయటికి వచ్చింది.

చాలాసేపు దాన్నే చూశాడు. తరువాత కాగితం చూశాడు.

"ఎండుమిరపకాయలు అని రాసి ఉంది. ఇది ఎండలేదు. మిరపకాయా కాదు."

సైదులు తనకు వచ్చిన హిందీ అంతా ఖర్చు పెట్టాడు. అప్పటికే సరుకు కోసం వచ్చి ఉన్న రొకేయా బేగం కూడా బతిమాలింది. ఆవిడ మిల్లు కాయ లేక పదిరోజులుగా ఆగి ఉంది. హాషిం గారు వినలేదు. ఆయన చెప్పిన రూలు ఇది. కాగితంలో రాయని పచ్చి పండు సరుకులో దొరికితే, అన్ని బస్తాలూ విప్పి పరిశీలించాలి, లేదా సరుకు మొత్తం వెనక్కి పంపాలి. అసలు ఆ కాయ పెట్టినది ఎవరో ఆ మనిషే వచ్చి చెప్పాలన్నాడు. ఆ మనిషి రావడానికి వీల్లేదు. అందుకని కాయే వెళ్లింది. హాషిం గారు దాన్ని ఒక స్టీలు పళ్లెంలో పెట్టి, గొడుగు పట్టుకుని, గేటుదాకా నడిచాడు. నన్నూ సాక్ష్యానికి మోయించాడు.

అవతల షామియానాలో కుర్చీలు సర్దుతున్నారు. ఇక్కడ పసుపు గీతకు అటు హాషిం గారు, రొకేయా బేగం, ఇటు అంకమ్మ, మధ్యలో సైదులు. నిజమైన చర్చలు ఇక్కడే జరిగాయని నా అభిప్రాయం. అంకమ్మ తెలుగు సైదులు హిందీలో చెప్పాలి, ఆ హిందీ రొకేయా బేగం బంగ్లాలో చెప్పాలి.

"అది తినేది గాదు సారూ, అమ్మేదీ గాదు. మొదటి బస్తా మేం ఊరకనే ఇస్తాం. నిమ్మకాయ దిష్టికి."

మాట రెండు మజిలీలు దాటి అవతలికి చేరింది. హాషిం గారు, "ఎవరి దిష్టి?" అన్నాడు. అది తిరిగి రెండు మజిలీలు దాటి ఇటు వచ్చింది.

"ఎవురిదైనా. ఈ సారుది గూడా."

ఆ చివరి ముక్క సైదులు మింగేశాడు. మంచి దుబాసీ ఏది మింగాలో ఎరుగును.

హాషిం గారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "మా అమ్మ కూడా పిల్లలకు దిష్టి తగలకుండా నుదుటి పక్కన కాటుక చుక్క పెట్టేది. అది నాకు తెలుసు. కానీ కాగితం లేకపోతే మా అమ్మనైనా ఈ గేటు దాటనివ్వను. ఈ ఒక్క బస్తా వెనక్కి పోతుంది. మిగిలినవన్నీ విప్పండి. శుభ్రంగా ఉంటే సంతకం పెడతాను" అన్నాడు.

విప్పడానికి కూలీలు కావాలి. అక్కడి కూలీలంతా సభ ఏర్పాట్లలో ఉన్నారు. ఆకాశం ఇంకాస్త నల్లబడింది. విషయం అర్థమైన అంకమ్మ గీత పక్కన కూలబడిపోయింది.

"ఎనిమిదిమంది పంటరా సైదులూ. నా చేత్తోనే ముంచాను. ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని పోయేది?"

ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. భర్త పోయిన ఏడు కూడా కల్లంలో కళ్లు ఒత్తుకోకుండా కాయ ఏరిన మనిషి. నేను లేకపోతే, నేను అచ్చొచ్చినదాన్ని కాకపోతే, ఆ అధికారి కన్ను మిగతా కొత్త సంచులమీద నుంచి జారిపోయి ఉండేదేమో. నాకు సిగ్గేసింది.

రొకేయా బేగం గీతకు అవతల గొంతుక్కూర్చుంది. "దీదీ, ఏడవొద్దు" అని మాత్రం అంది. తరువాత లేచి ఫోను తీసింది. రెండు గంటల్లో ఒక చిన్న లారీ వచ్చింది. దాంట్లోంచి ఆవిడ మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఇరవై ఇద్దరు దిగారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక దబ్బనం, పురికొస ఉండ.

ఇక చూడాలి! ఇద్దరు విప్పుతుంటే ఇద్దరు టార్పాలిన్ పట్టాలమీద పోస్తున్నారు, హాషిం గారు గొడుగు మొనతో కాయలు కదిపి చూస్తున్నాడు, మరో ఇద్దరు తిరిగి నింపుతున్నారు, కుడుతున్నారు. అటు షామియానాలో ఉపన్యాసాలు మొదలయ్యాయి. మైకులో "చేయీ చేయీ కలిపి" అని వినిపించినప్పుడల్లా ఘాటుకు ఇటు ఇరవై ఇద్దరూ తుమ్ముతున్నారు. పెద్దలు ఉలిక్కిపడి ఇటు చూసి మళ్లీ ఉపన్యాసంలో పడుతున్నారు.

అంకమ్మ కళ్లు తుడుచుకుని గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. తన కాయ పరాయివాళ్లు ఎత్తిపోస్తుంటే చేతులు కట్టుకుని ఉండటం ఆమెవల్ల అయ్యే పని కాదు. కాసేపు ఓర్చుకుంది. తరువాత అరిచింది.

"ఓ అమ్మాయ్! చెవి మడిచి కుట్టాల. అట్టా కుడితే జారిపోద్ది!"

ఆ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంకమ్మ కొంగు అంచు మడిచి, గాల్లో దబ్బనం పొడిచి చూపించింది. అమ్మాయి నవ్వి, చెవి మడిచి కుట్టింది. పక్కవాళ్లూ అలాగే కుట్టారు. ఈసారి దుబాసీలు అవసరం కాలేదు.

నాలుగు గంటలకు రెండువందల డెబ్బైమూడు బస్తాలు అయ్యాయి. అప్పుడు గాలి లేచింది. దుమ్ము కళ్లు తెరవనివ్వలేదు. పెద్దలు కార్లలోకి పరుగెత్తారు. షామియానా ఒక్క ఊపులో గుంజలతో సహా లేచి, సగం దూరం ఎగిరొచ్చి, మా ఆవరణ గోడమీద పడింది. కుట్టినవాటిమీద పట్టాలు కప్పేశారు. ఇంకా ఇరవయ్యారు బస్తాలు మూతులు తెరుచుకుని ఉన్నాయి, వాటికి పట్టా చాల్లేదు. ఇవతల అంకమ్మ ఊచలు పట్టుకుని గుంజుతూ, "కప్పండమ్మా, కప్పండి" అని గొంతు పోయేలా అరుస్తోంది.

అందరికన్నా ముందు కదిలినది హాషిం గారు. గొడుగు పారేసి గోడదగ్గరికి పరుగెత్తి షామియానా అంచు పట్టుకున్నాడు. ఆడవాళ్లు రెండో అంచు పట్టుకున్నారు. లాక్కొచ్చి ఆ ఇరవయ్యారింటిమీదా కప్పి, గాలికి లేవకుండా అంచులమీద కూర్చున్నారు. ఆయనా కూర్చున్నాడు. మొదటి చినుకులు కరచాలనం బొమ్మమీద టపటపా పడ్డాయి. మూడు రోజులుగా వందల లారీలను ఆపిన ఆ చేతులు చివరికి ఇరవయ్యారు బస్తాలను కాపాడాయి. నేను గేటు దగ్గర చూరుకింద ఉన్నాను కాబట్టి తడవలేదు.

ముప్పావుగంటలో వాన వెలిసింది. ఒక్క కాయ తడవలేదు. మిగిలినవీ చూసి, తడిసి ముద్దయిన చొక్కాతోనే హాషిం గారు సంతకం పెట్టాడు. రెండువందల తొంభైతొమ్మిది అనుమతి, ఒకటి తిరస్కారం. నా మూతికి ఎర్రచీటీ తగిలించి, సైదులు భుజానికెత్తి ఇటు పంపించేశారు. పుట్టిన దేశం నన్ను గడపదాకా రానిచ్చి వెనక్కి తిప్పింది. నాకు బాధ కలిగింది. దాచుకోవడం ఎందుకు.

అంకమ్మ నన్ను దించుకుంది కానీ కదలలేదు. "ఈ బస్తా వాళ్లకని తెచ్చింది. ఇంటికెట్టా తీస్కపోను?" అంది. సైదులు హిందీలో చెప్పాడు, రొకేయా బేగం బంగ్లాలో చెప్పింది. హాషిం గారు కళ్లజోడు తీసి, తడిచొక్కాకు తుడిచి, ఇంకా మసక చేసుకుని పెట్టుకున్నాడు.

"సంచిలో వస్తే సరుకు. కొంగులో వస్తే కూర. కూర సంగతి నా కాగితాల్లో లేదు" అని అటు తిరిగి నిలబడ్డాడు.

ఇవతలి కాపలా జవానుకు కూడా సరిగ్గా అప్పుడే బూటు తాడు ఊడింది. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇరవై ఇద్దరూ వరుసగా వచ్చి కొంగు పట్టారు. అంకమ్మ గీత దాటకుండా చెయ్యి మాత్రం చాపి దోసిళ్లతో పోసింది. చివర రొకేయా బేగం వచ్చింది. ఆవిడ కొంగులో పోశాక నేను ఖాళీ అయ్యాను. ఇద్దరూ నా అంచులు చెరొకవైపు పట్టుకుని, అటొకరు ఇటొకరు నిలబడి, గింజా దుమ్మూ పోయేలా దులిపారు. రెండు దేశాల జవాన్లూ ఒకేసారి తుమ్మారు.

ఆ తొమ్మిదిమందికీ ఆ ఏడు పొలాలు నిలిచాయి. అంకమ్మ మొహాన ఎవరూ ఉమ్మలేదు. ఒకామె మాత్రం ఆమెను పట్టుకుని భోరుమంది, అంకమ్మ విసుక్కుంది. నేను మళ్లీ కల్లంలోకి వచ్చాను. మరుసటేడు మూడు లారీలు వెళ్లాయి. నేను వెళ్లలేదు. పాత సంచులమీద ఇప్పుడు రూలు ఉందట.

ఆ లారీలతో వెళ్లివచ్చిన సైదులు తిన్నగా కల్లానికి వచ్చాడు. అంకమ్మ నామీద కూర్చుని కాయ ఏరుతోంది.

"అక్కా, ఆ గేటుకాడ పసుపు గీత లేదూ? దాని పక్కన మట్టిలో మిరప మొక్కలు లేచినయ్. ఆరేడున్నాయి. నడుమెత్తు."

"యాడియిరా?"

"మనమప్పుడు సంచి దులిపింది అక్కడే గదా. మనయ్యే. సరిగ్గా గీతమీదున్నయ్యి, ఎవురివో ఎవురికీ తెలవదు. పీకాలంటే రెండువైపులా పర్మిషన్ గావాలంట. అందుకని వదిలేశారు. మధ్యాన్నం అన్నాల్లోకి ఇటు జవాను ఇటు కోసుకుంటాడు, అటు జవాను అటు కోసుకుంటాడు."

అంకమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "నీళ్లెవురు పోస్తన్నారు?"

"ఇద్దరూ. ఈడు పోశాడో లేదోనని ఆడు పోస్తాడు, ఆడు పోశాడో లేదోనని ఈడు."

అంకమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తరువాత కోపంగా అంది.

"ఇద్దరూ పోస్తే వేరు కుళ్లదంట్రా? ఈసారి పోయినప్పుడు చెప్పు వాళ్లకి. రోజు మార్చి రోజు పొయ్యమను, వంతులేసుకుని."